ఓరుగల్లులో ఓ కప్పు... పాలు లేకుండా!

సాయంత్రం ఐదున్నర. కాజీపేట స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర ఎప్పటిలాగే నలుగురు పెద్దమనుషులు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఐదో మనిషి జాగా మాత్రం ఖాళీ. ఆ ఐదో మనిషి మా బాపు. మూడు వారాలుగా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చీపోయే రైళ్ల కూతలు వింటూ కూర్చుంటున్నాడు. కారణం... షుగర్!

బాపు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. (2022లో ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. ‘‘నేను మాత్రం గార్డునే’’ అంటాడాయన.) ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీల్లో ఆయన్ని మెలకువగా ఉంచింది చాయే. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. రోజుకు ఏడు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర. ఒకరోజు కూర్చుని లెక్కేశాను. చెంచాకు 5 గ్రాములనుకున్నా రోజుకు 70 గ్రాములు. నెలకు 2 కిలోల పైమాటే! ఆ లెక్క చూపిస్తే బాపు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

డాక్టరు చాయ్ మానమనలేదు, చక్కెర మానమన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చక్కెర లేని పాల చాయ్ ఒక్క గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టేసి, ‘‘గిది చాయ్ కాదు బిడ్డా, గంజి’’ అన్నాడు. అంతే, ఇక బండి దగ్గరికి పోవడమే మానేశాడు. ‘‘అందరు తాగుతుంటే నేను చేతులు కట్టుకొని నిలబడాల్నా?’’ అని రోషం. దోస్తులు ఫోన్ చేస్తే మోకాళ్ల నొప్పులని అబద్ధం. చాయ్ పోతే పోయింది, దాంతోపాటు రోజుకు గంటసేపు నవ్వే మనిషి కూడా పోయాడనిపించింది నాకు.

అప్పుడు తట్టిందో ఆలోచన. పాలు పోయగానే నాలుక తీపి కోసం చూస్తుంది. అదే పాలు లేని చాయ్ అయితే? అందులో నిమ్మో, అల్లమో, ఇలాచీయో ఉంటే చక్కెర లేదన్న లోటు తెలియకపోవచ్చు కదా! వరంగల్, హన్మకొండ, కాజీపేట... మూడూళ్లూ కలిసిపోయిన మా నగరంలో ఎక్కడో ఒకచోట బాపుకి నచ్చే కప్పు దొరక్కపోతుందా? స్కూటీ తీశాను. షరతులు మూడే. పాలు వద్దు, చక్కెర వద్దు, కప్పు 20 రూపాయలు దాటొద్దు. పెన్షన్ మనిషి రోజూ తాగాల్సిన చాయ్ మరి! బాపు జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాడు. గార్డు బుద్ధి ఎక్కడికి పోతుంది... టైము, స్టేషను, మార్కులు.

మొదటి కప్పే చేదు

మొదలు కాజీపేట నుంచే. చాయ్ కథలో ఈ జంక్షన్‌కి కూడా వాటా ఉండి ఉంటుంది. కాజీపేట - బల్లార్షా లైను 1929లో పూర్తయింది. ఢిల్లీకీ మద్రాసుకీ మధ్య రైళ్లు నేరుగా ఇటుగా పోవడం అప్పటి నుంచే. సరిగ్గా ఆ కాలంలోనే టీ కంపెనీల తరఫున దేశమంతటా పెద్ద ప్రచారం నడిచింది. స్టేషన్లలో చాయ్ అమ్మేవాళ్లకి కెటిల్స్ ఇచ్చి, టీ ఎలా కాచాలో స్థానిక భాషల్లో రాసిన రేకు బోర్డులు తగిలించారు. ఆ బోర్డుల్లో చెప్పినదాని కన్నా ఎక్కువ పాలూ, ఎక్కువ చక్కెరా, కొంచెం మసాలా వేసి మనవాళ్లు తమ చాయ్ తాము చేసుకున్నారు. అది వేరే సంగతి.

బాపు ఎప్పుడూ తాగే బండి దగ్గరికి మాత్రం రానన్నాడు. ‘‘ముందు మంచిది దొరకనియ్’’ అన్నాడు. కాబట్టి రోడ్డుకి అటువైపు ఇంకో బండి. ‘‘లెమన్ టీ ఉందా అన్నా?’’ అంటే, ‘‘ఎందుకు లేదు మేడం!’’ అంటూ పొద్దుటి నుంచీ పొయ్యి మీద కాగుతున్న డికాక్షన్ గ్లాసులో వంచి, వేడినీళ్లు కలిపి, అర చెక్క నిమ్మకాయ పిండాడు. బాపు ముఖం చూడాలి! కాకరకాయ రసానికి పులుపు తోడైతే ఎలా ఉంటుందో అలా. అదే బండి దగ్గర పక్కనున్నాయన పాల చాయ్ లొట్టలేసుకుంటూ తాగుతున్నాడు. నోటుబుక్కులో పడింది: 17.42. మార్కులు 2.

ఎందుకిలా? ఇంటికొచ్చి చదివితే సంగతి తెలిసింది. చాయ్‌పత్తాను ఎక్కువసేపు మరిగిస్తే వగరునిచ్చే పదార్థాలన్నీ నీళ్లలోకి దిగిపోతాయి. పాలు పోస్తే పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ వాటిని పట్టేసుకుంటుంది. నాలుకకి వగరు తగలదు. పైన చక్కెర ఎలాగూ ఉంది. అంటే పాల చాయ్‌లో మాస్టరు ఎన్ని తప్పులు చేసినా పాలు కప్పేస్తాయి. నల్ల చాయ్‌లో ఆ సౌకర్యం లేదు. పత్తా పాతదైనా, నీళ్లు మంచివి కాకపోయినా, రెండు నిమిషాలు ఎక్కువ కాగినా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. పాల చాయ్‌కి పేరున్న బండి దగ్గర నల్ల చాయ్ బాగుంటుందని నమ్మకండి. అక్కడ పొద్దుటి డికాక్షనే ఉంటుంది. ‘‘కొత్తగా పెట్టిస్తావా?’’ అని అడగాల్సిందే.

రెండో రోజు ఆ మాటే అడిగాం. నిట్ వైపు, పిల్లలు ఎక్కువగా చేరే ఓ బండి దగ్గర. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై, 2002లో నిట్ అయిన ఆ క్యాంపస్‌లో దేశంలోని నలుమూలల పిల్లలూ ఉంటారు. అందుకే కాబోలు, అక్కడ నిమ్మ చాయ్‌లో ఉత్తరాది పద్ధతిలో నల్లుప్పు, చిటికెడు మిరియాల పొడి వేసి ఇచ్చారు. కొత్త నీళ్లు, రెండు నిమిషాలే కాగింది. తేనె రంగు. ఒక కుర్రాడు లేచి బాపుకి స్టూలు ఇచ్చాడు. ‘‘రాత్రి చదువుకునేటప్పుడు ఇదే అంకుల్, నిద్ర రాదు’’ అన్నాడు. ‘‘నాకు ఇంజినే సాక్షి’’ అన్నాడు బాపు. చాలా రోజుల తర్వాత జోకేశాడు! మార్కులు 6. కానీ ఆయనకి బీపీ కూడా ఉంది. ఉప్పు వేసిన చాయ్ రోజూ అంటే కుదరదు. దాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

మండిబజార్ సులేమానీ

వరంగల్ మండిబజార్ గురించి రంజాన్ నెలలో హలీం తిన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ నెలలో అర్ధరాత్రి కూడా పట్టపగలే. మేం వెళ్లింది మామూలు మధ్యాహ్నం. ఓ పాత హోటల్లో, మార్బుల్ బల్ల మీద మోచేతులు పెట్టుకుని ‘సులేమానీ’ అన్నాం. వెయిటర్ బాపుని ఎగాదిగా చూసి, ‘‘బిర్యానీ తినకుండనే?’’ అన్నాడు. నిజమే, బరువైన భోజనం తర్వాత కడుపు తేలికపడ్డానికి తాగే చాయ్ అది. అరబ్బు వర్తకులతో మలబారు తీరానికి వచ్చిందని చెబుతారు. 2012లో వచ్చిన మలయాళ సినిమా ‘ఉస్తాద్ హోటల్’ చూసినవాళ్లకి ఈ పేరు బాగా గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో బిర్యానీ తర్వాత తాగే అలవాటు ఎప్పటినుంచో ఉంది, మనదాకా రావడంలో వింతేముంది?

చిన్న గాజు గ్లాసు. లోపల చూస్తే అడుగు కనిపించేంత తేట. ఇలాచీ, చిన్న దాల్చినచెక్క ముక్క, ఒకే ఒక్క లవంగం, దించాక నిమ్మచుక్కలు. చక్కెర వెయ్యొద్దని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. బాపు మొదటి గుక్క మింగలేదు, నోట్లోనే కాసేపు ఉంచుకున్నాడు. ‘‘ఇది చాయ్ లెక్క లేదు గని, మంచిగున్నది’’ అన్నాడు. 7 మార్కులు! నాకైతే ఎనిమిది. మీరు వరంగల్ వస్తే వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి చూసుకుని, ఎండ దిగాక ఇటొచ్చి ఓ సులేమానీ తాగి చూడండి. చక్కెర వద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

హోటల్ మాస్టరుని అడిగితే రహస్యమేం దాచలేదు. ‘‘నిమ్మకాయ ఎప్పుడూ పొయ్యి మీద ఉండగ పిండొద్దు మేడం. చేదొస్తది.’’ నిమ్మ పడగానే ముదురు రంగు ఒక్కసారిగా లేతబడటం మీరూ చూసే ఉంటారు. చాయ్‌లోని రంగు పదార్థాలు పులుపు తగిలితే రంగు మారుస్తాయి, అంతే. చాయ్ పల్చబడిందని కంగారు పడక్కర్లేదు.

పెట్టెలో వాసన, కప్పులో వాసన

ఇక బజార్లో దొరికే టీ బ్యాగుల వంతు. రోజూ మండిబజార్ దాకా రాలేం కదా! హన్మకొండలో ఓ సూపర్ మార్కెట్ నుంచి నాలుగు పెట్టెలు తెచ్చాను. నిమ్మ, అల్లం, ఇలాచీ, ఎర్ల్‌గ్రే. కప్పుకు ఆరేడు రూపాయలు పడింది. కంపెనీల పేర్లెందుకు గానీ, నాలుగింటి ధోరణీ ఒకటే. పెట్టె తెరవగానే గుబాళింపు, కప్పులోకి వచ్చేసరికి సగం. అల్లం బ్యాగు వాసనకి అల్లమే, నాలుకకి మంటే లేదు. నిమ్మ బ్యాగుని బాపు ‘‘గిన్నెలు తోమే సబ్బు’’ అన్నాడు. ఎర్ల్‌గ్రేలో ఉండేది బెర్గమోట్ అనే ఒక రకం నారింజ తొక్క నూనె. ఆ పండు ఎక్కువగా పండేది ఇటలీలోని కలాబ్రియాలో. ప్రపంచమంతా మెచ్చే చాయ్ అని చెప్పి ఇస్తే, ‘‘అయితే ప్రపంచాన్నే తాగమను’’ అని మూడు మార్కులేశాడు. నాకు మాత్రం నచ్చింది. మిగిలిన బ్యాగులు ఇప్పుడు నా ఆఫీసు డ్రాయర్లో ఉన్నాయి. నాలుగింటిలో ఇలాచీ ఒక్కటే 5 మార్కులతో పాసయింది.

ఇందులో మోసమేం లేదు. ఫ్లేవర్డ్ టీ అంటే చాయ్‌పత్తా మీద వాసన పదార్థం పట్టించడం. కలిపిన ఫ్లేవర్ పేరు పెట్టె మీద రాయాలని నియమం కూడా ఉంది. కొనేటప్పుడు ఆ చిన్న అక్షరాలు చదవండి. అల్లం ముక్కలు ఉన్నాయా, అల్లం ఫ్లేవర్ మాత్రమే ఉందా అన్నది అక్కడే తెలుస్తుంది. వాసన త్వరగా ఎగిరిపోయే గుణం కలది కాబట్టి పెట్టె తెరిచాక బిగుతు మూత డబ్బాలోకి మార్చకపోతే రెండు మూడు వారాల్లో కాగితం రుచే మిగులుతుంది. బ్యాగుని కప్పులో వేసి పైన సాసరు మూయండి, రెండు మూడు నిమిషాలు చాలు. పిండొద్దు. పిండితే వచ్చేది రుచి కాదు, వగరు.

బ్యాగులతో పని కాదని తేలాక, మిగిలింది వరంగల్ బీట్ బజార్. కిరాణా సామానుకి పాత అడ్డా. అస్సాం పత్తా పావుకిలో, వంద గ్రాముల సొంఠి, కొంచెం ఇలాచీ, లవంగాలు, దాల్చినచెక్క. దుకాణాల్లో దాల్చినచెక్క పేరుతో దొరికే మందపాటి బెరడు చాలావరకు కాసియా. శ్రీలంక నుంచి వచ్చే అసలు దాల్చిన కాగితంలా పల్చగా, చుట్టలు చుట్టుకుని ఉంటుంది, ధరా ఎక్కువే. మేం మందపాటిదే తీసుకున్నాం, చిన్న ముక్క చాలు కదా అని. అన్నట్టు, కిలో ఐదారు వందల పత్తా తీసుకున్నా కప్పుకు రెండు గ్రాములంటే రూపాయికి కాస్త అటూ ఇటూ. బ్యాగుతో పోలిస్తే ఎంత తేడా!

విడి పత్తా కొంటే ఓ చిన్న పరీక్ష. తెల్లని వడపోత కాగితం మీద కొంచెం పత్తా చల్లి నీళ్లు చిలకరించండి. పత్తా తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడగండి. రంగు మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది పత్తా రంగు కాదు, కలిపిన రంగు. ఇనుప రజను ఉందేమోనని అయస్కాంతం కూడా తిప్పి చూశాం. బాపు ఈ పనిలో ఎంత లీనమయ్యాడంటే ఇంట్లో పసుపు, కారం కూడా పరీక్షిస్తానని కూర్చున్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే ఫ్లాస్కులో పుదీనా చాయ్ పోసుకుని ఖిలా వరంగల్ పోయాం. పుదీనా మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది. స్టవ్ ఆపాక ఆకులు నలిపి వేసి, మూడు నిమిషాలు మూతపెట్టాలి. కీర్తితోరణాల దగ్గర రాతి గట్టు మీద కూర్చుని తాగుతుంటే బాపు అడిగాడు, ‘‘రుద్రమదేవి చాయ్ తాగిందంటవా?’’ లేదు పాపం! కాకతీయుల పాలన ముగిసింది 1323లో. అస్సాం అడవుల్లో పెరుగుతున్న తేయాకు చెట్ల గురించి రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వర్తకుడికి తెలిసింది 1823లో. సరిగ్గా 500 ఏళ్ల తేడా! ‘‘అంత పెద్ద కోట చాయ్ లేకుండ ఎట్ల కట్టిన్రో’’ అని ఆశ్చర్యపోయాడు. పుదీనా చాయ్‌కి 6. కోటకి మార్కులు వెయ్యలేదు.

నీళ్ల గొడవ

ఇంట్లో మొదటి రెండు రోజులూ చాయ్ కుదరలేదు. అదే పత్తా, అదే సొంఠి, కానీ రంగు మసకగా, పైన సన్నటి తెట్టు. కారణం మా బోరు నీళ్లు. బకెట్టు అడుగున తెల్లగా గార కట్టే నీళ్లవి. అందులోని కాల్షియం చాయ్‌లోని పదార్థాలతో కలిసి ఆ తెట్టు కడుతుంది. పాల చాయ్‌లో ఇన్నేళ్లూ మాకు కనిపించనే లేదు! నల్లా నీళ్లతో పెడితే చాయ్ తేటపడింది. మీ ఇంట్లో బోరు నీళ్లే గతి అయితే నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి, తెట్టు విడిపోతుంది.

ఇక అల్లమా, సొంఠా అన్నది మిగిలిన తగువు. పచ్చి అల్లం కమ్మగా ఉంటుంది. ఎండి సొంఠి అయ్యాక అందులోని ఘాటు పదార్థం మారి మరింత మంట పుట్టిస్తుంది. తీపి లేని చాయ్‌కి గొంతులో ఆ మంటే కావాలని బాపు తీర్పు. చివరికి తేలిన పాళ్లు ఇవి: రెండు గ్లాసుల నీళ్లలో చిటికెడు సొంఠి పొడి, తొక్కతో సహా దంచిన ఒక ఇలాచీ వేసి బాగా మరిగాక, చెంచాడు పత్తా వేసి స్టవ్ ఆపేయాలి. రెండు నిమిషాలు మూత. వడకట్టాక నిమ్మచుక్కలు. లవంగం వేస్తే మందు వాసన వస్తోందన్నాడు, తీసేశాం. అన్నం తిన్న వెంటనే మాత్రం ఇవ్వడం లేదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీలు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024 మార్గదర్శకాల్లో చెప్పారు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదట. ఏడు కప్పులు నాలుగయ్యాయి. ఆ నాలుగు కూడా బేరం ఆడితేనే!

ఇంట్లో కుదిరింది సరే, బండి సంగతి? సొంఠి, ఇలాచీ పొడి, పత్తా కలిపి చిన్న స్టీలు డబ్బాలో పోసి, రెండు నిమ్మకాయలు జేబులో వేసి పంపించాను. నేనూ వెనకే వెళ్లి దూరంగా నిలబడ్డాను. నలుగురు దోస్తులూ ఏం జరగనట్టే పక్కకి జరిగి జాగా ఇచ్చారు. మోకాళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. బండి అతను డబ్బా మూత తీసి వాసన చూసి, పక్క పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టాడు. గ్లాసు చేతికిచ్చి, ‘‘పది రూపాయలు’’ అన్నాడు.

‘‘పత్తా నాది, నిమ్మకాయ నాది, పదెందుకు?’’

‘‘గ్యాసు ఎవలిది పెద్దాయనా? గ్లాసు ఎవలు కడుగుతరు?’’

గట్టిగా నవ్వులు. ఒకాయన ‘‘నాకు సగం పొయ్యి, సూస్త’’ అని గ్లాసు చాచాడు. ఆ సాయంత్రం గంటన్నర దాకా బాపు ఇంటికి రాలేదు.

రాత్రి నోటుబుక్కు తీసి చూశాను. 17.38. కాజీపేట. సొంఠి, నిమ్మ. మార్కులు 8.

‘‘మిగతా రెండు ఎందుకు తగ్గించినవ్ బాపూ?’’ అని అడిగాను.

‘‘పాలు లేవు గద’’ అన్నాడు.